తాడా, పామా: పాత గాయం ఆడవాళ్ల ఉద్యోగంలో ఎక్కడ తేలుతుంది

తిరుపతిలో 'ట్రామా' అన్న మాట చాలామందికి ఆసుపత్రి బోర్డు మీదే పరిచయం. ఘాట్ రోడ్డులో బండి జారిందనో, నాయుడుపేట హైవే మీద లారీ గుద్దిందనో ఫోనొస్తే పరిగెత్తుకెళ్లే చోటు అది. గ్రీకులో ఆ మాటకు అర్థం గాయమే కాబట్టి బోర్డు తప్పేమీ కాదు.

ఇప్పుడు అదే మాట హెచ్‌ఆర్ ట్రైనింగుల్లో, రీల్స్‌లో వేరే అర్థంలో తిరుగుతోంది. "ఆమెకు ఏదో ట్రామా ఉంది, అందుకే ప్రమోషన్ వద్దంది" అని ఒకరంటే, "ట్రామా లేదు గీమా లేదు, బాధ్యతంటే భయం" అని ఇంకొకరు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టరుపై హత్యాచారం జరిగింది. అదే నెలలో మలయాళ సినిమా రంగం మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికొచ్చింది. అప్పటి నుంచి ఈ చర్చ ఎక్కువైంది, గందరగోళం కూడా. ఎప్పుడో జరిగిన దెబ్బకు, ఇవాళ ఒకామె జీతానికి, కుర్చీకి నిజంగా సంబంధం ఉందా? ఉంటే ఎంత?

దడుసుకోవడానికి, ట్రామాకు తేడా

మన ఇళ్లలో దీనికి దగ్గర మాట ఒకటుంది, దడుసుకోవడం. పిల్ల సాయంత్రంపూట కుక్కను చూసి దడుసుకుంటే రాత్రికి ఒళ్లు కాలిపోతుంది. అవ్వ దిష్టి తీస్తుంది, మసీదు దగ్గరికి తీసుకెళ్లి తాయెత్తు కట్టిస్తారు, మూడోరోజుకు పిల్ల మళ్లీ వీధిలో ఉంటుంది. భయం ఒంట్లోకి దిగుతుందని మనవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. దిగిన భయం తిరిగి బయటికి పోకుండా అక్కడే స్థిరపడిపోతే దాన్ని ట్రామా అంటున్నారు.

ఇక్కడే మొదటి చిక్కు. జరిగిన సంఘటననూ ట్రామా అంటున్నాం, దాని వల్ల మనిషిలో మిగిలిపోయినదాన్నీ ట్రామా అంటున్నాం. రెండూ ఒకటి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 70 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అలాంటి సంఘటన ఎదురవుతుంది. వారిలో పీటీఎస్‌డీ అనే జబ్బు (పాత భయం మళ్లీమళ్లీ తిరిగొచ్చి వేధించడం) దాకా వెళ్లేది 5.6 శాతమే. లైంగిక హింస లాంటివాటి తర్వాత ఈ పాలు బాగా పెరుగుతుంది. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు పీటీఎస్‌డీ రావడం దాదాపు రెట్టింపు.

పీటీఎస్‌డీ అన్న పేరు 1980లో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది, ఎక్కువగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల వల్ల. యుద్ధమంటే ఒకచోట మొదలై ఒకచోట ముగుస్తుంది. ఏళ్ల తరబడి కొట్టే మొగుడితో ఒకే ఇంట్లో ఉండటం అలాంటిది కాదు. తప్పించుకునే దారి లేకుండా పదేపదే జరిగే హింసకు 'కాంప్లెక్స్ పీటీఎస్‌డీ' అని వేరే పేరు పెట్టారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో అది ఉంది. మామూలు పీటీఎస్‌డీ లక్షణాలకు తోడు ఇందులో ఇంకో మూడు కనిపిస్తాయి: కోపం, ఏడుపు లాంటివి అదుపులో లేకపోవడం, నేను ఎందుకూ పనికిరాననే నమ్మకం, మనుషులతో దగ్గరితనం కష్టమవడం.

ఇది ఎక్కడో జరిగే సంగతని అనుకోవడానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో హింస చూశామన్నవారు దేశంలో 29 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింసకు గురైనవారిలో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అమ్మకే చెప్పనిది మేనేజరుకు చెబుతారా? ఆఫీసులో ఈ గాయం గాయంలా కాక ఇంకేదో పేరుతో కనబడటానికి కారణం ఇదే.

తాడును చూసి ఉలిక్కిపడే మెదడు

చీకట్లో తాడును చూసి పామనుకోవడం మనకు వేదాంతం చెప్పేవాళ్లు ఇచ్చిన ఉపమానం. నరాల శాస్త్రం చెప్పేది కూడా దాదాపు అదే. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా ముందు అలారం కొడుతుంది. ఆలోచించే ముందు భాగం తర్వాత వచ్చి, "కాదు, తాడే" అని ఆపేస్తుంది. జరిగినదానికి తేదీ, చోటు అంటించేది హిప్పోక్యాంపస్. తీవ్రమైన భయంలో ఈ తేదీ వేసే పని సరిగా జరగదు. దాంతో పదేళ్ల నాటి సంగతి 'అప్పుడు' అన్న ముద్ర లేకుండా మిగిలిపోతుంది. అలాంటి వాసనో, గొంతో, తలుపు చప్పుడో తగిలితే శరీరం ఇప్పుడే జరుగుతున్నట్టు స్పందిస్తుంది.

ఆ స్పందన నాలుగు రకాలని చెబుతారు: ఎదురు తిరగడం, పారిపోవడం, కొయ్యబారిపోవడం, ఎదుటివాణ్ని మంచి చేసుకోవడం. ఆఫీసు భాషలో వీటి పేర్లు మారిపోతాయి. ఎదురు తిరిగితే "నోటి దురుసు". పారిపోతే "ఎక్కడా నిలవదు". కొయ్యబారితే "మీటింగులో నోరు విప్పదు". మంచి చేసుకుంటే "చాలా మంచి పిల్ల, ఏ పని చెప్పినా కాదనదు". నాలుగోదాన్ని గాయమని ఎవరూ అనుమానించరు. పైగా ఇంక్రిమెంటు రాకపోయినా అడగదు కాబట్టి అందరికీ ఇష్టం.

శ్రీసిటీలో ప్రమోషన్ వద్దన్న వరలక్ష్మి

ఇంతవరకూ మెదడు సంగతి. ఇక ఒక కల్పిత మనిషిని తీసుకుని చూద్దాం. వరలక్ష్మికి 27 ఏళ్లు, శ్రీకాళహస్తి దగ్గర పల్లె. శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఆరేళ్లుగా అసెంబ్లీ లైన్ మీద పని. రిజెక్షన్లు అందరికన్నా తక్కువ. లైన్ లీడర్‌గా చేస్తామన్నారు. "వద్దు సార్, నాకు ఇదే బాగుంది" అంది. హెచ్‌ఆర్ ఫైల్లో 'ఆసక్తి లేదు' అని రాసుకున్నారు.

కొన్ని వివరాలు ఫైల్లో లేవు. లైన్ లీడర్ షిఫ్టు అయ్యాక సూపర్‌వైజర్ క్యాబిన్‌లో కూర్చుని రిపోర్టు ఇవ్వాలి. రెండో షిఫ్టు పదింటికి అయిపోతే కంపెనీ బస్సు పదీపావుకు కదులుతుంది. రిపోర్టు పదిన్నరకు గానీ తెమలదు. తర్వాతి వ్యాను హైవే జంక్షన్ దగ్గర దింపి పోతుంది. అక్కడి నుంచి ఊరికి రెండు కిలోమీటర్లు. ఇంకో సంగతి: పంతొమ్మిదో ఏట ఆమె ఒక చిన్న షాపులో చేరింది. ఒక సాయంత్రం ఓనరు షట్టర్ సగం దించాడు. ఆమె సందులోంచి దూరి బయటపడింది, మర్నాటి నుంచి వెళ్లలేదు. ఇంట్లో "పని నచ్చలేదు" అని చెప్పింది.

మానసిక వైద్యులు ముందుగా క్యాబిన్ వైపు చూస్తారు. మూసిన తలుపు, అవతల పై అధికారి, బయట చీకటి. శరీరానికి అది క్యాబిన్ కాదు, షట్టర్. "వద్దు" అనగానే గుండె కుదుటపడుతుంది. ఆ హాయి వల్లే వచ్చేసారి "వద్దు" ఇంకా తేలిగ్గా వస్తుంది. తప్పించుకోవడం అలవాటై, అలవాటు స్వభావమై, చివరికి ఆమె కూడా "నాకు పెద్ద ఆశలేమీ లేవు" అని నమ్మేస్తుంది.

ఆర్థికవేత్తలు బస్సు వైపు చూస్తారు. గిరిజా బోర్కర్ అనే పరిశోధకురాలు ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, దారి సురక్షితంగా ఉంటుందని అనిపిస్తే అమ్మాయిలు తమకు సీటొచ్చే మంచి కాలేజీని వదిలి తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నట్టు తేలింది. అబ్బాయిల్లో ఈ ధోరణి అంతగా లేదు. ఆ అమ్మాయిల మెదడులో లోపమేమీ లేదు. దారి చూసి లెక్క వేసుకున్నారు, అంతే. రాత్రి పదకొండున్నరకు హైవే జంక్షన్‌లో ఒంటరిగా దిగడం తాడా, పామా? ఆ ఊరి వాళ్లను అడిగితే పామనే అంటారు.

ఇక తోటి ఉద్యోగినులు చూసే కోణం వేరు. అంతకుముందు లైన్ లీడర్‌గా చేసినామె గురించి క్యాంటీన్‌లో ఏమేం అనుకున్నారో వరలక్ష్మి విన్నది. పై కుర్చీ ఎక్కిన ఆడవాళ్లకు మాట పడటం కొత్త కాదు. అమెరికా, జపాన్, స్వీడన్‌లలో ఫోల్కే, రిక్నే తదితరులు చేసిన సర్వేల్లో మామూలు ఉద్యోగినుల కన్నా సూపర్‌వైజర్ స్థాయి ఆడవాళ్లే ఎక్కువ లైంగిక వేధింపులు ఎదుర్కొంటున్నట్టు బయటపడింది. అధికారం వస్తే రక్షణ వస్తుందని మనం అనుకుంటాం. ఆ లెక్కలు తిరగబడి ఉన్నాయి.

మూడింటిలో ఏది నిజం? నాకైతే ఈ మూడూ పోట్లాడుకోవాల్సినవి కావనిపిస్తుంది. ఒక్కొక్కదాన్ని విడిగా తీసి చూడొచ్చు. రిపోర్టు క్యాబిన్‌లో కాకుండా లైన్ దగ్గరే, షిఫ్టు అయ్యేలోపే ఇచ్చే పద్ధతి పెడితే ఆమె ఒప్పుకుందనుకుందాం. అప్పుడు తలుపో, బస్సో అసలు అడ్డంకి. క్యాబిన్ అలాగే ఉంచి వ్యాను ఇంటిదాకా పంపితే ఒప్పుకుందా, అది దారి సమస్య. రెండూ మార్చినా ఒప్పుకోకపోతే క్యాంటీన్ మాటల వైపు, వణుకు తగ్గకపోతే లోపలి గాయం వైపు చూడాల్సిందే. 'ఆసక్తి లేదు' అని రాసిన ఫైలు వీటన్నిటినీ ఒకే గంపలో వేసేసింది.

ఆ 'వద్దు' ఖరీదు ఎంత

ఊహా అంకెలతోనే లెక్క వేద్దాం. వరలక్ష్మి జీతం 18,000. లైన్ లీడర్‌కు 23,000. తేడా నెలకు 5,000, ఏడాదికి 60,000. ఇద్దరికీ ఏటా 8 శాతం పెరిగిందనుకుంటే ఐదేళ్లకు ఒకరిది సుమారు 26,450, రెండోవారిది సుమారు 33,800. తేడా 7,350 అవుతుంది. గాయం పాతదే, దాని వడ్డీ మాత్రం ఏటా పెరుగుతోంది. పీఎఫ్ మీద కూడా ఆ ప్రభావం పడుతుంది.

పారిపోయే స్పందనకు ఖరీదు వేరే రకం. పర్మనెంటు ఉద్యోగికి సాధారణంగా ఐదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ. చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తారు. ఆ మొత్తం 13,000 అయితే రోజుకు 500, ఏడాదికి 7,500, ఐదేళ్లకు 37,500. నాలుగేళ్లకే మానేసి వేరే కంపెనీలో చేరితే ఇది సున్నా, అక్కడ మళ్లీ ఒకటి నుంచి లెక్క. అమెరికాలోని మిన్నెసోటాలో యువతను ఏళ్ల తరబడి వెంబడించిన ఒక అధ్యయనంలో, తీవ్రంగా వేధింపులకు గురైన ఆడవాళ్లలో దాదాపు 80 శాతం మంది రెండేళ్లలోపే ఉద్యోగం మారారు. మిగతా ఉద్యోగినుల్లో అది 54 శాతం. ఆ తర్వాత వచ్చిన డబ్బు ఇబ్బందులకు ముఖ్య కారణం ఈ మార్పేనని పరిశోధకులు లెక్కగట్టారు.

కుర్చీలో కూర్చున్నాక

గాయపడ్డవాళ్లందరూ వెనక్కి తగ్గుతారని అనుకోవడం పొరపాటు. నేను గతంలో పనిచేసిన ఒక ఆఫీసులో కొత్తగా వచ్చిన మేడమ్ మొదటి రోజే టేబుల్ తిప్పించారు. తలుపు ఆమె వీపు వెనక ఉండేది, ఎదురుగా వచ్చేలా పెట్టించారు. అటెండరు నుంచి అకౌంటెంటు దాకా అందరం వాస్తు అనుకున్నాం. అందులో ఒకాయన తన ఇంటి మెట్ల గురించి సలహా కూడా అడిగాడు. ప్రతి లెటర్ మూడుసార్లు చదివి గానీ సంతకం పెట్టేవారు కాదు. పని ఎవరికైనా అప్పగించినా సాయంత్రానికి మళ్లీ తనే చేసుకునేవారు. ఎవరైనా గట్టిగా నవ్వితే తలెత్తి చూసేవారు. చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగం మానేశాక ఒకసారి కలిసినప్పుడు ఆమే చెప్పారు: "వెనక నుంచి ఎవరైనా వస్తే నాకు ఇప్పటికీ ఊపిరాడదమ్మా." అంతకు మించి నేనూ అడగలేదు.

బయటికి సమర్థతలా కనబడేది లోపల కాపలా కావచ్చు. చిన్న తప్పుకు పెద్ద శిక్ష పడే ఇంట్లో పెరిగినవాళ్లకు తప్పు జరగకుండా చూసుకోవడమే బతికే దారి. పెద్దయ్యాక అదే వాళ్లను మంచి ఆడిటర్‌గానో, మంచి నర్సుగానో నిలబెడుతుంది. ఎదుటివాడి ముఖం చూసి మూడ్ పసిగట్టే నేర్పు కూడా అక్కడి నుంచే రావొచ్చు, లీడర్‌కు అది ఆస్తి. ఇబ్బందల్లా ఆ కాపలా ఎప్పుడు దించాలో శరీరానికి తెలియకపోవడం. టీమ్ పెద్దదయ్యేకొద్దీ అన్నీ తనే చూసుకోవడం కుదరదు. పని పంచలేకపోతే అక్కడితో ఎదుగుదల ఆగుతుంది, ఒళ్లు కూడా చెడుతుంది.

ఇదే మనిషి మగాడైతే "స్ట్రిక్ట్ ఆఫీసర్" అంటారన్న సంగతి కూడా మర్చిపోకూడదు. 2007లో హన్నా బౌల్స్ బృందం చేసిన ప్రయోగాల్లో, జీతం కోసం బేరమాడిన ఆడవాళ్లతో పనిచేయడానికి మదింపు చేసేవాళ్లు మగవాళ్ల విషయంలో కన్నా ఎక్కువగా వెనకాడారు. అంటే అడగకుండా ఊరుకునేవాళ్లలో కొందరి మౌనం గాయం కాదు, లోకం తెలిసిన తెలివి. నోరు విప్పని ప్రతి ఆడమనిషికీ ట్రామా అంటగడితే ఆఫీసు తన లోపాన్ని ఆమె బాల్యం మీదికి తోసేసి చేతులు దులుపుకుంటుంది.

స్కోరు పెట్టి మనిషిని కొలవొచ్చా

ఆన్‌లైన్‌లో 'ఏస్ స్కోర్' అని, చిన్నప్పటి కష్టాలను లెక్కపెట్టే పది ప్రశ్నల పరీక్ష తిరుగుతుంటుంది. దాని మూలం 1998లో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు అమెరికాలో ప్రచురించిన అధ్యయనం. మొత్తం 17 వేలకు పైగా మందిని చిన్నప్పటి కష్టాల గురించి అడిగారు. కష్టాల రకాలు పెరిగేకొద్దీ పెద్దయ్యాక జబ్బులు, కుంగుబాటు పెరిగినట్టు తేలింది. గుంపు మొత్తానికి ఇది నిజం. ఒక్క మనిషికి వర్తింపజేస్తే బెడిసికొడుతుంది. 2020లో ఆండాయే స్వయంగా ఒక వ్యాసంలో, ఈ స్కోరు ఒక వ్యక్తి భవిష్యత్తు చెప్పడానికి తయారుచేసింది కాదని హెచ్చరించాడు. చిన్న అసౌకర్యాలకు కూడా ట్రామా అనే మాట వాడటం పెరిగిందని నిక్ హాస్లమ్ లాంటి మనస్తత్వవేత్తలు ఎత్తిచూపారు. అవతలి పక్షం వాదనా కొట్టిపారేయలేం: పేరే లేని బాధకు పేరు దొరికితేనే కదా నోరు పెగిలేది.

దూబగుంట చెప్పేది, చెప్పనిది

దెబ్బ తిన్నవాళ్లే గొప్ప నాయకులవుతారనే వాదన మనకు బాగా నచ్చుతుంది. దానికి మన పక్క జిల్లాలోనే సాక్ష్యం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. కూలి డబ్బులు తాగి వచ్చి కొట్టే మొగుళ్లతో వేగినవాళ్లే ఆ ఉద్యమానికి బలం. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో ఎత్తేశారు, అది వేరే కథ.

కష్టం తర్వాత మనిషిలో వచ్చే ఎదుగుదలకు 1990లలో టెడెస్కీ, కాల్హూన్ అనే మనస్తత్వవేత్తలు పేరు పెట్టి కొలిచే పద్ధతి తయారుచేశారు. విమర్శకులు అడిగేది ఒకటే: ఎదిగామని మనుషులు చెప్పుకోవడం వేరు, నిజంగా ఎదగడం వేరు, ముందూ వెనకా కొలిచి చూస్తే రెండూ ఎప్పుడూ కలవవు కదా అని. దూబగుంటలో నాకు కనబడేది ఇంకొకటి. ఆ ఆడవాళ్లు ఒంటరిగా లేరు. అక్షర దీపం వెలిగించే అక్షరాస్యత క్లాసులో సాయంత్రాలు కలిసి కూర్చున్నారు, తమలాంటి కథ పక్కామె నోట విన్నారు. బలం గాయంలోంచి వచ్చిందా, ఆ కూర్చోవడంలోంచి వచ్చిందా?

ఎవరు వెళ్లిపోతారన్నది ఎవరి చేతిలో ఉంది

ఫిన్లండ్‌లో పోలీసు రికార్డులను, ఉద్యోగాల రికార్డులను జతచేసి అబి ఆడమ్స్-ప్రాసల్ బృందం ఒక అధ్యయనం చేసింది. ఒక మగ ఉద్యోగి తోటి ఉద్యోగిని మీద దాడి చేశాక ఆ కంపెనీలో ఏం జరిగిందో చూశారు. మగ మేనేజర్లున్న కంపెనీల్లో తర్వాత ఆడవాళ్ల పాలు తగ్గిపోయింది. ఆడ మేనేజర్లున్న చోట అలా తగ్గలేదు, దాడి చేసినవాడు బయటికి పోవడం ఎక్కువగా జరిగింది. గాయం ఒకటే, తర్వాత ఆఫీసు చేసిన పనే తేడా.

మన చట్టంలో దీనికి దారి ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు 2013లో చట్టమయ్యాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట సీనియర్ ఉద్యోగిని అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. వరలక్ష్మి పారిపోయిన షాపు లాంటి చిన్న చోట్ల ఫిర్యాదులకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణముంటే ఇంకో మూడు. ఈ గడువు మీదే పేచీ. సాక్ష్యాలు చెరిగిపోతాయి, ఆరోపణ ఎదుర్కొనేవాడికీ న్యాయం కావాలి కాబట్టి గడువు ఉండాల్సిందే అంటారు ఒకవైపు. కొయ్యబారిన మనిషికి ఏం జరిగిందో తనకు తాను చెప్పుకోవడానికే ఆరు నెలలు పడుతుందంటారు మరోవైపు. చట్టం గడియారం, గాయం గడియారం ఒకే టైము చూపించవు.

చికిత్స సంగతి తేలిగ్గా చెప్పొచ్చు, ఉంది, పనిచేస్తుంది. ట్రామా కోసం రూపొందించిన కౌన్సెలింగ్ పద్ధతులను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకు చేస్తే టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. తిరుపతి లాంటి ఊళ్లో చిక్కల్లా సైకియాట్రీ ఓపీ ముందు బెంచీ మీద కూర్చుంటే ఎదురింటి పిన్ని కనబడుతుందేమోనన్న టెన్షన్.

వరలక్ష్మి లైన్‌కు మరుసటి నెల ఇంకొకమ్మాయి లీడర్ అయింది. చేరి రెండేళ్లే. రిపోర్టు ఎలా నింపాలో ఆ పిల్లకు తెలియదు, లైన్ మీద అది తెలిసింది ఒక్కరికే. "అక్కా, ఈ కాలమ్‌లో ఏం రాయాల?" అని అడిగితే వరలక్ష్మి గ్లవ్స్ తీసి, నిలబడే, లైన్ పక్కనే చూపించింది. పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత బ్యాగు తీసుకుని పదీపావు బస్సు కోసం పరిగెత్తింది.